పులికి ముందు దుప్పి

నల్లమలలో అడవిదున్న మరల కాన్పించినదని 2024లో వార్త వచ్చినది. సుమారు నూటయేబది సంవత్సరములుగా ఆ మృగము ఆ కొండలలో లేదు. వచ్చినది ఒంటరి దున్న. పాపికొండలనుండి మరికొన్నింటిని తెచ్చి దానికి తోడుగా విడువవలయునను ప్రస్తావనయు బయలుదేరినది. ఆలోచన మంచిది, మేము స్వాగతించుచున్నాము. కాని తెచ్చిన మృగము బ్రతుకుటెట్లో ముందు చెప్పుడని ఏలినవారిని అడుగుచున్నాము.

2014లో రాష్ట్రము విడిపోయి ఆమ్రాబాదు భాగము తెలంగాణమునకు పోయినను, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యము దేశములోని మిక్కిలి పెద్దవానిలో నొకటి. 2022 గణనలో ఇచ్చట 58 పులులు తేలినవి. పులుల సంఖ్య పెరిగినపుడెల్ల ప్రకటనలు, ఛాయాచిత్రములు! దుప్పులెన్ని, కణుజులెన్ని యని అడుగువారు అరుదు. పులి ప్రకటనలను తిని బ్రతుకదు. వారమునకొక దుప్పి చొప్పున దానికి ఏటికి సుమారు 50 మృగములు కావలయును. ఏటేట పదవవంతునకు మించి పోయినచో మంద నిలువదు. కావున ఒక్క పులి వెనుక 500 మృగములు మేయుచుండవలయును. 58 పులులకు 29,000! ఈ లెక్క మన పల్లెటూరి కరణమైనను వేయగలడు. ఆ మంద తరిగినపుడు పులి రైతు పశువుపై పడును. కడుపుమండిన రైతు కళేబరమునకు విషము పూయును. అపరాధమెవ్వరిది? ఆకలిగొన్న పులిదా, దిక్కులేని రైతుదా?

పట్టణపు వనములలో కిక్కిరిసిన జింకలను లారీల కెక్కించి అడవిలో విడిచిన చాలునని కొందరనుచున్నారు. అది అంత సులభము కాదు. దుప్పి పిరికిప్రాణి, పట్టుకొన్న భయముచేతనే చచ్చును. అందుచేతనే మధ్యప్రదేశమువారు ఆఫ్రికా పద్ధతిని నేర్చి, గరాటువంటి దొడ్డిలోనికి మందను మెల్లగా తోలి, చేయి తగులనీయక బండి కెక్కించుచున్నారు. కంచెలో పెరిగిన జింక పులివాసన నెరుగదు. దానిని అడవిలో కొంతకాలము కాపాడి అలవాటు చేయవలయును. పశురోగములు అంటకుండ చూడవలయును. బాంధవగఢములో అంతరించిన అడవిదున్నలను 2011, 2012 సంవత్సరములలో కాన్హానుండి 50 తెచ్చి మరల నిలిపిరి. శ్రద్ధయున్నచోట ఫలమున్నది.

అయితే ఉచ్చులు తీయక దుప్పులను విడుచుట చిల్లికుండలో నీరు పోయుటయే. ఉచ్చు పన్నువాని వెనుక మాంసము కొనువాడున్నాడు. ఈ మాట పట్టణములలోని పెద్దమనుష్యులకు చేదుగా నుండవచ్చును. 1972నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను, అడవిమాంస విక్రయమును నేరముగా చేసినది. కాని తరచుగా బోనెక్కునది ఉచ్చు పన్నిన కూలివాడు. పళ్లెములో వడ్డించుకొన్నవాడు కోర్టుగుమ్మమైనను చూడడు. ఇది న్యాయమా?

నేరమంతయు చెంచులపై మోపి, వారిని వెడలగొట్టిన అడవి బాగుపడునను వాదమొకటి కలదు. 2006లో సవరింపబడిన ఆ చట్టమే, వారి హక్కులు తేల్చనిదే, గ్రామసభ సమ్మతి లేనిదే వారిని కదల్పరాదని శాసించుచున్నది. దుప్పి జాడ తెలిసిన కన్నులు వారివి. గడ్డిలో దాగిన ఉచ్చును ముందుగా పసిగట్టువారును వారే. ఇప్పటికే కావలి శిబిరములలో చెంచులు పనిచేయుచున్నారు. వారి సంఖ్యను పెంపుడు. జీతము నెలనెల తప్పక యిండు.

బెజవాడలో కూర్చున్న మనకిదంతయు ఏల యందురా? కృష్ణవేణి నల్లమల లోయలు దాటియే ప్రకాశం బారేజీకి వచ్చుచున్నది. ఆ కొండలు బోడులైనచో మన్ను కొట్టుకొనివచ్చి జలాశయములు పూడును. అపుడు ఎండునది మన డెల్టా చేను. పులియు దుప్పియు ఉన్న అడవికే నేడు కావలియున్నది.

పులుల గణనతోపాటు దుప్పుల గణనను ప్రకటింపుడు. దున్నను తెచ్చుటకు ముందు ఉచ్చులు తీయింపుడు. మాంసము నమ్మినవానిని, కొన్నవానిని ఒక్క బోనులో నిలుపుడు. పులిని రక్షింపవలయునని సభలలో తీర్మానించు పౌరులారా! ముందు మీ ఊరి విందులలో అడవిమాంసమును మాన్పింపుడు. పులి నోటికూడు తిని పులిని రక్షించుట ఎవ్వరికిని సాధ్యము కాదు.