క్రియ పక్కన నిలబడే చిన్న మాట

ఇంగ్లిష్ గ్రామర్ గైడ్లలో, పోటీ పరీక్షల పుస్తకాల్లో ఒక పట్టిక తప్పకుండా ఉంటుంది. ఎడమవైపు 'పుట్ ఆఫ్', దానికెదురుగా 'పోస్ట్‌పోన్'. ఎడమవైపు 'గివ్ అప్', ఎదురుగా 'అబాండన్'. 'లుక్ ఇన్‌టు' ఎదురుగా 'ఇన్వెస్టిగేట్'. పిల్లలు దాన్ని బట్టీపట్టి, ఖాళీలు పూరించి, మార్కులు తెచ్చుకుంటారు. పరీక్ష అయ్యాక ఏ క్రియకు 'ఆఫ్' తగులుతుందో, దేనికి 'అప్' తగులుతుందో కలగాపులగమైపోతుంది. నోరు విప్పాల్సి వస్తే కుడివైపు మాటే బయటికొస్తుంది. ఇంగ్లిష్ సొంతభాషగా ఉన్నవాళ్లు ఇంట్లో, బస్సులో, ఆస్పత్రిలో మాట్లాడుకునేది మాత్రం ఎడమవైపు భాష. మన బడి దానికి అర్థం చెప్పి వదిలేస్తోంది, వాడటం నేర్పడం లేదు. ఈ పద్ధతి మారాలని గట్టిగా అడగదలచుకున్నాను.

ఈ రెండు వరుసల వెనక పెద్ద చరిత్రే ఉంది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలుచుకున్నాక రాజు కొలువులో ఫ్రెంచి చేరింది. చర్చి, చదువు లాటిన్‌లో సాగాయి. 'టాలరేట్', 'ఎక్స్‌టింగ్విష్' వంటి మాటలు లాటిన్ మూలాల నుంచి పండితుల కలాల్లోకి వచ్చాయి. పొలంలో, పొయ్యి దగ్గర ఉన్న జనం తమ పొట్టి క్రియలకే అప్, అవుట్, ఆఫ్, డౌన్ తగిలించుకుని అవసరమైనవన్నీ చెప్పుకున్నారు. దీపం ఆర్పడానికి వాళ్లకు 'పుట్ అవుట్' చాలింది. 1755లో తన నిఘంటువును అచ్చువేసిన శామ్యూల్ జాన్సన్ ముందుమాటలోనే ఈ జతల సంగతి ఎత్తి, ఇంగ్లిష్ నేర్చుకునే పరాయివాళ్లను అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదేనన్నాడు. 'ఫ్రేజల్ వెర్బ్' అన్న పేరు మాత్రం చాలా ఆలస్యంగా, 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ రాసిన పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది.

ఒక్క 'అప్'నే తీసుకుందాం. పైకి అన్నది దాని మొదటి అర్థం. 'స్టాండ్ అప్', 'క్లైంబ్ అప్' దగ్గర ఏ పిల్లవాడూ తడబడడు. పైకి పోయేది పెరుగుతుంది కాబట్టి ధరలు 'గో అప్' అవుతాయి, గొంతు పెంచి మాట్లాడమనడానికి 'స్పీక్ అప్' అంటారు. పెరిగి పెరిగి అంచుదాకా వస్తే అక్కడితో పని పూర్తి. గ్లాసు 'ఫిల్ అప్' అయిందంటే ఇక ఖాళీ లేదని. ఈ మూడో మెట్టు మీదే మన పిల్లలు ఆగిపోతారు. 'ఈట్ అప్', 'డ్రింక్ అప్', 'యూజ్ అప్', 'టేర్ అప్', 'డ్రై అప్'... వీటిలో పైకి పోయేది ఏమీ లేదు. పని పూర్తిగా, మిగలకుండా జరిగిపోయిందన్న భావమే ఉంది. చెట్టును ముందు 'చాప్ డౌన్' చేస్తారు, తర్వాత 'చాప్ అప్' చేస్తారు. మొదటిది నేలకూల్చడం, రెండోది ముక్కలు ముక్కలు చేసేయడం. గొడ్డలి అదే, క్రియ అదే. తేడా అంతా ఆ చివరి మాటదే.

ఇక్కడే మన తెలుగు చేతికందివస్తుంది. 'మామిడిపండు తిన్నాడు' అంటాం, 'మామిడిపండు తినేశాడు' అనీ అంటాం. రెండూ ఒకటి కావని మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. రెండో దాంట్లో పండు మిగల్లేదు. ఆ 'ఏశాడు' వెనక ఉన్నది 'వేయడం' అనే క్రియ, కానీ తినేయడంలో దేన్నీ ఎక్కడా వేయడం లేదు. 'బావి ఎండిపోయింది' అన్నప్పుడు బావి ఎక్కడికీ పోలేదు. ఇంగ్లిష్ 'అప్' తన దిక్కును మరిచిపోయినట్టే మన 'వేయు', 'పోవు' కూడా తమ అసలు అర్థాలను వదిలేసి పని పూర్తయిందని చెప్పడానికి నిలబడ్డాయి. మనం చేసే పనికి 'ఏయ్', దానంతట అది జరిగేదానికి 'పో' అని తెలుగు ఇంకా వివరంగా విడదీస్తుంది. దీపం ఆర్పేశాం, దీపం ఆరిపోయింది. ఇంగ్లిష్‌లో మొదటిది 'పుట్ అవుట్', రెండోది 'వెంట్ అవుట్'. చిన్న మాట మారలేదు, క్రియ మారింది.

ఈ పోలిక పైపైది కాదు. 'రోజూ అన్నం తింటాను' అంటాం. అలవాటు చెప్పేటప్పుడు 'రోజూ అన్నం తినేస్తాను' అనం. సరిగ్గా అక్కడే ఇంగ్లిష్‌వాళ్లు కూడా 'ఈట్' అంటారు, 'ఈట్ అప్' అనరు. వ్యాకరణ సూత్రం ఒక్కటీ చెప్పకుండా, తెలుగు చెవితో పిల్లవాడు సరైన చోట 'అప్' పెట్టగలడు. ఇంగ్లిష్ క్లాసులో తెలుగు వినపడకూడదన్న పట్టుదల వల్ల మనం ఈ దారిని చేతులారా మూసేసుకున్నాం. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

గ్రామర్ పుస్తకాలు చేసే మరో పొరపాటు, ఈ చిన్న మాటలన్నిటికీ ప్రిపొజిషన్ అని ఒకే ముద్ర వేయడం. 'హి రాన్ అప్ ఎ హిల్', 'హి రాన్ అప్ ఎ బిల్'. మొదటివాడు కొండెక్కాడు, రెండోవాడు ఖాతాలో బాకీ పెంచుకున్నాడు. కొండ దగ్గర 'అప్' కొండకు చెందింది, బిల్లు దగ్గర క్రియకు చెందింది. అందుకే బిల్లును 'రాన్ ఇట్ అప్' అనొచ్చు, కొండను అలా అనలేం. 'పిక్ హిమ్ అప్' అనాల్సిన చోట మనవాళ్లు 'పిక్ అప్ హిమ్' అనడానికి కారణం కూడా ఈ తేడాను ఎవరూ చూపించకపోవడమే. మాట్లాడేటప్పుడు ఒత్తు కూడా సాధారణంగా క్రియకు చెందిన 'అప్' మీదే పడుతుంది. బ్లాక్‌బోర్డు మీద ఇది పది నిమిషాల పని.

అలాగని చిన్న మాట తెలిస్తే అన్నీ విడిపోతాయని నేననను. 1930లో సి.కె. ఆగ్డెన్ 850 మాటలతో 'బేసిక్ ఇంగ్లిష్' తయారుచేశాడు. అందులో క్రియలు 18 మాత్రమే. మిగతా పనులన్నీ 'పుట్', 'గెట్', 'టేక్'లకు చిన్న మాటలు తగిలించి నడపొచ్చన్నాడు. లెక్క బాగుంది గానీ 'పుట్', 'అప్', 'విత్' విడివిడిగా వచ్చినవాడికి 'పుట్ అప్ విత్' అంటే భరించడమని ఎలా తెలుస్తుంది? ఇలాంటి వాటిని వాక్యంలో పదేపదే వినాల్సిందే, వేరే దారి లేదు.

వినకపోతే ఏమవుతుందో బ్రిటన్ ఆస్పత్రుల్లో చేరే మన డాక్టర్లకు, నర్సులకు తెలుసు. వాళ్లు చదివిన వైద్యమంతా లాటిన్, గ్రీకు మాటల్లో ఉంటుంది. రోగి మాత్రం 'త్రూ అప్' అంటాడు, అంటే వాంతి అయిందని. కఫం పడుతోందనడానికి 'బ్రింగింగ్ అప్' అంటాడు. 'మై నీ ఈజ్ ప్లేయింగ్ అప్' అంటే మోకాలు మళ్లీ సతాయిస్తోందని. ఒక పెద్దావిడ 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ ద కిచెన్' అంటే వంటింట్లో స్పృహ తప్పి పడిపోయానని. 'ఏ ఇయర్ పాసవుట్?' అని అడుగుతూ పెరిగినవాళ్లకు ఆ మాట మొదట డిగ్రీనే గుర్తుచేస్తుంది. మన వాడుకా గాలిలోంచి ఊడిపడలేదు. సైనిక శిక్షణ ముగిశాక జరిగే 'పాసింగ్ అవుట్ పరేడ్'లో బ్రిటన్‌వాళ్లు ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడతారు. మన ఆఫీసుల్లో 'ఫైలు పుటప్ చేయండి' అనే మాట కూడా నాకు ఇష్టమే, అది మనం పెంచుకున్న ఇంగ్లిష్. అవతలివాడి అర్థం కూడా మనకు తెలిసి ఉండాలి, అంతే.

'కోప్ అప్ విత్' అన్న విద్యార్థి వాక్యం మీద టీచరు ఎర్రసిరా గీత గీస్తారు, కారణం చెప్పరు. ఆ పిల్లవాడు గుడ్డిగా రాయలేదు. 'కీప్ అప్ విత్', 'క్యాచ్ అప్ విత్', 'పుట్ అప్ విత్' విన్నాడు, వాటి వరసలో దీన్నీ చేర్చాడు. ఆ వరస పట్టుకున్నందుకు ముందు మెచ్చుకుని, 'కోప్' మాత్రం ఈ గుంపులో చేరదని చెబితే మళ్లీ తప్పు రాయడు. 'డిస్కస్ అబౌట్' కూడా అంతే. 'టాక్ అబౌట్' ఒక పక్క, మన 'గురించి చర్చించడం' ఇంకో పక్క కలిసి ఆ 'అబౌట్'ను లాక్కొచ్చాయి.

పాఠ్యపుస్తకం రాసేవాళ్లు ఈ జతలను క్రియల వారీగా కాకుండా చిన్న మాటల వారీగా పేర్చాలి. 'అప్'కు ఒక వారం, 'అవుట్'కు ఒక వారం ఇవ్వాలి. పరీక్షలో 'పోస్ట్‌పోన్' ఎదురుగా ఖాళీ వదలడం మానేసి, ఇంట్లో రోజూ వినపడే వాక్యం ఒకటి ఇవ్వాలి. బియ్యం నిండుకున్నాయని పక్కింటివాళ్లకు ఇంగ్లిష్‌లో ఎలా చెబుతావు అని అడగాలి. 'వి హావ్ రన్ అవుట్ ఆఫ్ రైస్' అని రాసినవాళ్లకు పూర్తి మార్కులు వేయాలి. 'ద రైస్ ఈజ్ యూజ్డ్ అప్' అన్నవాళ్లకూ వేయాలి.