ఆ గురక ఫీచర్ కాదు.. బగ్!

నేను పెట్టిన రీల్స్‌లో ఎక్కువమంది చూసింది ఏదో తెలుసా? గోవా ట్రిప్పు కాదు. రాత్రంతా కూర్చుని ఎడిట్ చేసిన ఫ్రెండ్ సంగీత్ కూడా కాదు. విజయవాడలో మా అక్క వాళ్ల బుజ్జిగాడు గురకపెట్టి నిద్రపోతున్న 18 సెకన్ల వీడియో. బుజ్జిగాడంటే పగ్. మన ఇళ్లల్లో ఇప్పటికీ ‘హచ్ కుక్క’ అంటారే, అదే.

సోఫా మీద వెల్లకిలా పడుకుని, నాలుక కొంచెం బయటపెట్టి, మా తాతయ్యలాగా గుర్రు గుర్రుమంటున్నాడు. ‘సోమవారం ఆఫీసులో నేను’ అని క్యాప్షన్ పెట్టా. అంతే, రెండు రోజులు నోటిఫికేషన్లు ఆగలేదు. ‘సో క్యూట్’, ‘బుగ్గలు కొరికేయాలనుంది’, ‘ఎక్కడ దొరుకుతుంది బ్రో?’

ఇప్పుడా రీల్ లేదు. నేనే తీసేశా. ఎందుకో చెప్పేముందు ఒక చిన్న ప్రశ్న. అసలు ఇవి మనకి ఎందుకంత ముద్దొస్తాయి?

1943లో కాన్రాడ్ లోరెంజ్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దీనికో లెక్క చెప్పాడు. ఒంటికి మించిన తల, ఎత్తు నుదురు, పెద్ద కళ్లు, బూరె బుగ్గలు, పొట్టి కాళ్లూ చేతులూ, తడబడే నడక. అన్నీ చంటిపిల్లల లక్షణాలే. మనిషి బిడ్డ సొంతంగా ఏమీ చేసుకోలేదు కదా, అందుకే వాటిని చూడగానే ఎత్తుకోవాలి, కాపాడాలి అనిపించేలా మన బుర్రలో ఓ స్విచ్ ఉంది. తమాషా ఏంటంటే, మా భాషలో చెప్పాలంటే, ఈ స్విచ్‌కి ఇన్‌పుట్ వ్యాలిడేషన్ లేదు. ఎదురుగా ఉన్నది పసిపాపా, పిల్లికూనా, ప్లాస్టిక్ బొమ్మా అని అడగదు. కొలతలు సరిపోతే చాలు, ‘అబ్బ!’ అనేస్తుంది.

బొమ్మలు గీసేవాళ్లకి ఈ కిటుకు బాగా తెలుసు. 1928లో వచ్చినప్పుడు మిక్కీ మౌస్ సన్నటి మూతి ఉన్న ఆకతాయి ఎలుక. పోను పోను తల పెరిగింది, కళ్లు పెద్దవయ్యాయి. ఏళ్లు గడిచేకొద్దీ మిక్కీ చంటిపిల్లాడైపోతున్నాడని స్టీఫెన్ జే గూల్డ్ అనే శాస్త్రవేత్త 1979లో కొలిచి మరీ చూపించాడు. 1974లో జపాన్‌లో పుట్టిన హలో కిట్టీకైతే నోరే గీయలేదు. మనం ఏ మూడ్‌లో ఉంటే అదీ అదే మూడ్‌లో ఉన్నట్టు అనిపిస్తుంది. అంతెందుకు, చేత్తో తోలేసే ఈగకి చిట్టి కళ్లద్దాలు పెట్టి 2012లో రాజమౌళి మనచేత విజిల్స్ వేయించలేదూ?

ఇందులో తప్పేం లేదు. పైగా లాభం కూడా ఉంది. హిరోషిమా యూనివర్సిటీ వాళ్లు 2012లో స్టూడెంట్స్‌కి కుక్కపిల్లల, పిల్లికూనల ఫొటోలు చూపించి, పట్టకారుతో చిన్న చిన్న ముక్కలు తీసే ఆట ఆడించారు. పెద్ద కుక్కల, పిల్లుల ఫొటోలు చూసినవాళ్లకంటే వీళ్లు జాగ్రత్తగా ఆడారు. మా మేనేజర్‌కి ఈ పేరా స్క్రీన్‌షాట్ పంపాలి.

కాగితం మీద మూతి చెరిపేస్తే మిక్కీకి ఊపిరాడకపోవడం అంటూ ఉండదు. అదే ఎడిటింగ్ ప్రాణం ఉన్న కుక్క మీద చేస్తే?

పగ్ కథ అదే. మూతి పొట్టిగా ఉన్నవాటినే ఏరి, తరతరాలుగా జత కలుపుతూ ఆ ముఖాన్ని చదును చేసేశారు. పుర్రె ఎముక కురచబడింది గానీ లోపలి కండ ఆ లెక్కలో తగ్గలేదు. ట్రిపుల్ బెడ్‌రూమ్ సామాను సింగిల్ రూమ్‌లోకి కుక్కినట్టు. గాలి పోవడానికి దారేది? మనకి ఇవేం తెలీదు. 2003లో ఓ పిల్లాడి వెనకే పరిగెత్తే పగ్‌ని హచ్ యాడ్‌లో చూశాం, మనసు పారేసుకున్నాం. అప్పుడు నేను స్కూల్లో ఉన్నా. మా వీధిలో ప్రతి పిల్లాడికీ అదే కుక్క కావాలి. నాకూ కావాలి.

మొన్న మే నెలలో వీకెండ్‌కి అక్క దగ్గరికి వెళ్లా. సాయంత్రం అయిదింటికి మా మేనకోడలు బుజ్జిగాణ్ని కిందికి తీసుకెళ్లింది. మూడో క్లాసు పిల్ల, ఎండ తగ్గిందనుకుంది. పది నిమిషాల్లో కేకలు. వాడు గేటు దగ్గర కూలబడిపోయాడు, నాలుక నీలంగా ఉంది. ఒంటి మీద నీళ్లు పోసి, కార్లో ఏసీ ఫుల్‌గా పెట్టి డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం.

వాడు కాస్త తేరుకున్నాక డాక్టర్‌గారు చెప్పారు. కుక్కలకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూ, ముక్కులోని, నోట్లోని తడి మీదుగా గాలి ఆడించి ఒళ్లు చల్లబరచుకుంటాయి. ముక్కే లేకపోతే ఆ కూలింగ్ సిస్టమ్ ఎలా పనిచేస్తుంది? “ఇటు చూడండి, ఇవి రంధ్రాల్లా ఉన్నాయా, గీతల్లా ఉన్నాయా?” అన్నారు. గీతలే. ఎడిట్ చేస్తున్నప్పుడు జూమ్ చేసి మరీ చూసిన ముక్కు అది. ఒక్కసారి కూడా నాకు అనుమానం రాలేదు.

“గురక పెడతాడామ్మా?” అని అడిగారు. అక్క నావైపు చూసింది. నేను ఆ రీల్ తీసి చూపించా. ఆయన నవ్వలేదు. సౌండ్ పెంచమని రెండుసార్లు విన్నారు. “పాపం, నిద్రలో కూడా గాలి కోసం కుస్తీ పడుతున్నాడు” అన్నారు.

ఇంటికొచ్చాక వెతికా. బ్రిటన్‌లో రాయల్ వెటర్నరీ కాలేజీ వాళ్లు 2022లో చేసిన స్టడీ ప్రకారం, పొట్టి మూతి వల్ల వచ్చే ఈ ఊపిరి జబ్బు ముప్పు మిగతా కుక్కలకంటే పగ్‌లకి దాదాపు 54 రెట్లు ఎక్కువ. నెదర్లాండ్స్‌లోనైతే మూతి తల పొడవులో మూడో వంతు కూడా లేని కుక్కల్ని జత కట్టించకూడదని 2019లో రూల్ పెట్టారు.

బాధని ముద్దుగా చూసింది నేనొక్కణ్నే కాదు. 2009లో స్లో లోరిస్ అనే జంతువుకి చక్కిలిగింతలు పెట్టే వీడియో ఒకటి ప్రపంచమంతా తిరిగింది. మన శేషాచలం అడవుల్లో ఉండే దేవాంగ పిల్లికి అది చుట్టం. గుండ్రటి కళ్లతో చేతులు రెండూ పైకెత్తుతుంటే ‘ఇంకా గిలిగింతలు పెట్టమంటోంది’ అనుకున్నారు జనం. నిజానికి అది భయపడినప్పుడు చేసే పని. దాని మోచేతి దగ్గరి గ్రంథిలో ఊరే ద్రవం లాలాజలంతో కలిస్తే విషం. ఆ విషం అందుకోవడానికే చేతులెత్తుతుంది. అందుకే అమ్మేవాళ్లు ముందే దాని పళ్లు కత్తిరించేస్తారు. ఆ వీడియోకి పడిన లైకుల్లో నాదీ ఒకటి ఉండే ఉంటుంది.

బుజ్జిగాడికి ముక్కు రంధ్రాలు వెడల్పు చేసే ఆపరేషన్ చేయించాం. పూర్తిగా బాగైపోయాడని చెప్పను. ఎండలో బయటికి పంపడం లేదు. కానీ రాత్రుళ్లు చప్పుడు లేకుండా పడుకుంటున్నాడు. మొదటి రెండు రాత్రులు ఆ నిశ్శబ్దానికే భయపడి అక్క లేచి వాడి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసిందట.

మా మేనకోడలు అడిగింది.. “మావయ్యా, అయితే ఆ వీడియోలో వాడు హాయిగా పడుకోలేదా?” నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే రీల్ డిలీట్ చేశా.

మీ ఇంట్లో పగ్ ఉంటే కంగారు పడకండి, వదిలేయడం అసలే వద్దు. ఒకసారి ముక్కు చూపించండి. లావెక్కనివ్వకండి. మెడకి బెల్టు బదులు ఛాతీకి కట్టే హార్నెస్ వాడండి. వాకింగ్ పొద్దున్నే, ఎండ రాకముందే. ఇక ఫోన్లో ముద్దొచ్చే వీడియో కనిపిస్తే తప్పకుండా నవ్వుకోండి. షేర్ కొట్టేముందు మాత్రం, ఇది దానికి కూడా సరదాగానే ఉందా అని ఒక్క సెకను ఆగండి.

‘ఎక్కడ దొరుకుతుంది బ్రో?’ అని అడిగిన తమ్ముడికి అప్పుడు రిప్లై ఇవ్వలేదు. ఇప్పుడిస్తున్నా. మీ వీధి చివర టీ కొట్టు దగ్గర చూడు తమ్ముడూ. పొడుగు మూతి, మట్టి రంగు, మన ఎండలకి పుట్టిన ఒళ్లు. దాని రీల్‌కి అన్ని లైకులు రాకపోవచ్చు. హాయిగా ఊపిరి మాత్రం తీసుకుంటుంది.