బంతి ఎవరిది? మైదానం ఎవరిది?



పోయిన నెల కార్యవర్గ సమావేశంలో ఒక యువ సభ్యుడు లేచి, "జీతాల ఒప్పందం సగంలో ఉంది. ఈ బంతాట గొడవ ఇప్పుడెందుకన్నా? ఆటలన్నీ యజమానులు మన దృష్టి మళ్లించడానికి పెట్టినవే" అన్నాడు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. మిల్లు వెనక మైదానాన్ని కంటైనర్ల యార్డు చేస్తామని యాజమాన్యం నోటీసు పెట్టి మూడు వారాలయింది. మన సంఘంలోనే ఈ మాట వినబడుతుంటే మేము మౌనంగా ఉండలేము.

అతని మాటలో సగం నిజం ఉంది. ఆ సగం సంగతే ముందు చెప్పుకుందాం.

మాస్కోకు తూర్పున సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఒరేఖోవో-జుయెవో అనే ఊరుంది. మనలాంటి నూలు, బట్ట మిల్లుల ఊరు. అక్కడి మోరోజోవ్ మిల్లులో రెండేళ్లలో ఐదుసార్లు జీతాలు కోశారు. కోయగా మిగిలిన దానిలోంచి జరిమానాలు పట్టారు. బట్టలో లోపముందని జరిమానా, ఆలస్యమని జరిమానా. ఆ డబ్బు నేరుగా యజమాని తిమొఫేయ్ మోరోజోవ్ పెట్టెలోకే పోయేది. 1885 జనవరిలో దాదాపు 8 వేల మంది కార్మికులు మగ్గాలు ఆపేశారు. నాయకులు మొయిసెయెంకో, వోల్కోవ్ అనే నేత కార్మికులు. సైన్యం వచ్చింది, వందల మందిని పట్టుకుపోయింది. కానీ మరుసటి ఏడు కోర్టులో జ్యూరీ ముందు 101 ప్రశ్నలు పెడితే అన్నిటికీ "దోషులు కారు" అనే జవాబు వచ్చింది. మిల్లులో జరిగిన ఘోరాలన్నీ ఆ విచారణలో బయటపడ్డాయి మరి. ఆ 1886లోనే జార్ ప్రభుత్వం చట్టం తేవలసి వచ్చింది. జరిమానాలకు హద్దు పెట్టారు, ఆ సొమ్ము యజమానికి కాక కార్మికుల అవసరాలకే వాడాలన్నారు.

ఆ ఊరిలోనే తర్వాత ఫుట్‌బాల్ వచ్చింది. తెచ్చినవాడు లాంకషైర్ నుంచి వచ్చిన చార్నాక్ అనే ఇంగ్లీషు అధికారి. కార్మికులు సెలవు రోజున వోడ్కా తాగి పడిపోకుండా ఉండాలన్నది ఆయన ఆలోచన అంటారు. తాగుడు మానితే సోమవారం మగ్గం సరిగా నడుస్తుంది, అదీ లెక్క. 1909లో పుట్టిన ఆ జట్టు 1910 నుంచి వరుసగా నాలుగేళ్లు మాస్కో లీగు గెలిచింది. మన యువ సభ్యుడు ఇక్కడ ఆగిపోతాడు. "చూశారా, యజమాని ఎత్తు!" అంటాడు.

ఆ తర్వాత ఏమైందో కూడా వినాలి కదా. విప్లవం వచ్చింది, మోరోజోవ్‌లు పోయారు, చార్నాక్ పోయాడు. జట్టు మాత్రం పోలేదు. పేర్లు మారుతూ మారుతూ చివరికి "జ్నామ్యా త్రుదా" అయింది. అంటే శ్రమ పతాకం. రష్యాలో అన్నిటికంటే పాత క్లబ్బుగా దాన్నే చెప్పుకుంటారు. ఎక్కువ కాలం కింది డివిజన్లలోనే ఆడింది, డబ్బుకు ఎప్పుడూ కటకటే. అయినా 1962లో సోవియట్ కప్పు ఫైనల్ దాకా వెళ్లింది! ఎదురుగా దొనెత్స్క్ బొగ్గు గని కార్మికుల పేరు పెట్టుకున్న షాక్తర్. 2-0తో ఓడిపోయారు. ఓడితేనేం? ఒక చిన్న మిల్లు ఊరు దేశపు కప్పు ఫైనల్లో నిలబడింది. యజమాని ఇచ్చిన బంతి యజమాని పోయాక కూడా ఊరి దగ్గరే ఉండిపోయింది.

ఇక మన సంగతి. కె.ఆర్.పురం పక్కనే దూరవాణి నగర్. స్వాతంత్ర్యం వచ్చాక మొదట, 1948లో పెట్టిన ప్రభుత్వ రంగ సంస్థ ఐ.టి.ఐ. ఇక్కడిదే. పగలు టెలిఫోన్లు తయారుచేసే సంస్థకు జాతీయ లీగులో ఆడిన జట్టు ఉండేది. విమానాల ఫ్యాక్టరీ హెచ్.ఎ.ఎల్. జట్టూ అంతే. చిత్తూరు, అనంతపురం, కోలారు నుంచి వచ్చి ఇక్కడ కూలికి చేరిన మనవాళ్లు షిఫ్టు వదిలాక ఆ ఆటలు చూడడానికే టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సు దిగేవాళ్లు. మేమూ దిగాము. భాష ఏదైనా గోలు పడినప్పుడు అరిచే అరుపు ఒకటే.

మన పరిశ్రమలోనే ఇంకో ఉదాహరణ. పంజాబులోని ఫగ్వాడాలో జె.సి.టి. బట్టల మిల్లు. దాని జట్టు 1996-97లో మొట్టమొదటి జాతీయ లీగు గెలిచింది. కలకత్తా, గోవా మహామహా క్లబ్బులుండగా కప్పు ఒక మిల్లుకు పోయింది. 2011లో ఆ జట్టును మూసేశారు. తగిన ప్రచారం రావడం లేదన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. హెచ్.ఎ.ఎల్. 2012లో పై లీగు నుంచి కిందికి పడిపోయింది. 2013లో ఒక ఉక్కు కంపెనీ బెంగళూరులో కొత్త క్లబ్బు పెట్టింది, మొదటి ఏడే ఐ-లీగు గెలిచింది. బాగా ఆడారు, కాదనము. కానీ అందులో ఆడేవాడు ఏ షిఫ్టులోనూ కార్డు పంచ్ చేయడు. మనకు మిగిలింది టికెట్టు కొని చూడడం. మగ్గం మీద మనం, గ్యాలరీలో కూడా మనమే, మైదానంలో మాత్రం మనం లేము.

బిన్నీ మిల్లు ఉన్నచోట ఇప్పుడు ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లున్నాయి. మిల్లు మూతపడ్డాక భూమి చేతులు మారడం ఈ ఊరిలో మనం చూస్తూనే ఉన్నాం. ఇక్కడ మిల్లు నడుస్తుండగానే మైదానంతో మొదలుపెట్టారు. ఇవాళ మైదానం, రేపు సైకిల్ షెడ్డు, ఎల్లుండి క్యాంటీన్. "ఒప్పందం మధ్యలో ఇదెందుకు" అనే తమ్ముడా, యాజమాన్యం ఒప్పందం మధ్యలోనే ఎందుకు నోటీసు పెట్టిందో ఆలోచించావా?

ఇంకో మాట. "డబ్బు లేదు, మైదానం నిర్వహణ భారం" అంటున్నారు. 1936 వేతనాల చెల్లింపు చట్టం జరిమానాను జీతంలో 3 శాతానికి మించనివ్వలేదు. ఆ సొమ్ము కార్మికుల మేలుకే ఖర్చు పెట్టాలంది. దాని స్థానంలో వచ్చిన 2019 వేతన కోడ్ కూడా అదే చెబుతోంది. మరి మనకు పట్టిన జరిమానాల రిజిస్టరు ఏది? బాబిన్ తెగిందని, టాయిలెట్‌లో ఐదు నిమిషాలు ఎక్కువైందని మన అక్కచెల్లెళ్ల దగ్గర కోసిన డబ్బు ఏ పద్దులో ఉంది? బంతులు కొనడానికి, గోల్ స్తంభాలు నిలబెట్టడానికి, ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది కట్టడానికి ఆ డబ్బు చాలకపోతే అప్పుడు మాట్లాడదాం. ఆ గది సంగతి నొక్కి చెబుతున్నాము. ఈ మిల్లులో సగానికి పైగా ఆడవాళ్లే, మైదానం మగవాళ్ల సొత్తన్నట్టు ఇన్నాళ్లూ మనమే నడిపించాము. అది మన తప్పు.

మన డిమాండ్లు రెండే. యార్డు నోటీసు వెనక్కి తీసుకోవాలి. పోయిన ఐదేళ్ల జరిమానాల రిజిస్టరు సంఘం ముందు పెట్టాలి. వినతిపత్రం ఆఫీసులో ఉంది. సంతకం చేయనివారు రెండో షిఫ్టు వదిలాక రావాలి. ఆదివారం ఉదయం ఏడు గంటలకు మైదానంలోనే సభ. బంతి మేము తెస్తాము.

— కార్యదర్శి