ఇంటిపేరు అద్దంకి... ఇల్లు మరెక్కడో!

"అద్దంకి ఊళ్లో అద్దంకివారు ఎంతమంది?" అని ఓ పాఠకుడి ప్రశ్న. పాతతరం నటగాయకుడు అద్దంకి శ్రీరామమూర్తిగారి పేరు చూసి పుట్టిన సందేహం కాబోలు!

నేను చెప్తే నవ్వుతారు. ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే ముందు ఆ ఊరు వదలాలి! అక్కడున్నంతకాలం అందరూ అద్దంకివాళ్లే. ఆ పేరుతో ఎవర్ని గుర్తుపడతాం? పొరుగూరికి కాపురం మారిస్తేనే "అద్దంకివారొచ్చారు" అంటారు. మనవల నాటికి అదే ఇంటిపేరై కూర్చుంటుంది.

మన ఘంటసాలగారినే చూడండి. కృష్ణా జిల్లాలో ఘంటసాల అనే ఊరుంది. ఆయన 1922లో పుట్టింది మాత్రం చౌటపల్లిలో!

అద్దంకి సామాన్యమైన ఊరా? 9వ శతాబ్దపు పండరంగని పద్యశాసనం దొరికిందక్కడే. రెడ్డిరాజుల తొలి రాజధానీ అదే. 16వ శతాబ్దంలో గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షాకు కావ్యం అంకితమిచ్చిన కవి పేరు అద్దంకి గంగాధరుడు!

ఇంత చరిత్రనీ మనం "ఎ" అనే ఒక్క పొడి అక్షరంలో ఇరికించేశాం. మీ పేరు ముందున్న అక్షరం వెనక ఏ ఊరుందో మీ తాతగారికి తెలిసే ఉంటుంది. ఇవాళే అడగండి. హీరోగారి ఇంటిపేరు కంఠతా వచ్చినవాళ్లకి సొంత ఇంటిపేరు కథ తెలియకపోతే ఎలా?