రొమ్ము తగ్గింపు ఆపరేషన్ తర్వాత ఆమెకు కావలసింది విశ్రాంతి

రొమ్ముల బరువుతో మెడ, భుజాలు, వెన్ను లాగేస్తూ, రొమ్ముల కింద చర్మం ఒరుసుకుని పుండ్లు పడి ఏళ్ల తరబడి బాధపడే స్త్రీలు మన ఇళ్లలోనూ ఉన్నారు. సిగ్గుతో బయటికి చెప్పరు. ఎలాగో ధైర్యం చేసి ఆపరేషన్ చేయించుకుంటే, అందం కోసం కోయించుకుందని ఇంట్లోవాళ్లే దెప్పుతారు. వారం తిరగకుండానే బిందె ఎత్తమంటారు. ఇది అన్యాయం. బాలింతకు ఇచ్చే విశ్రాంతి ఈమెకూ ఇవ్వాలి.

యునాని వైద్యం కోతకు వ్యతిరేకమని కొందరి అపోహ. యునానిలోని నాలుగు చికిత్సా విధానాలలో ‘ఇలాజ్ బిల్ యద్’, అంటే శస్త్రచికిత్స, ఒకటి. కార్డోబా వైద్యుడు అల్ జహ్రావి వెయ్యేళ్ల కిందట రాసిన ‘అల్ తస్రీఫ్’ 30 భాగాల గ్రంథం. అందులో చివరి భాగం శస్త్రచికిత్స గురించే. మగవారికి పెరిగిన రొమ్మును కోసి తగ్గించే పద్ధతిని కూడా ఆయన వివరించాడు. కనుక కుట్లు మానేవరకు సర్జను మాటే వినాలి. ఆహారం, నిద్ర, కదలిక, మనశ్శాంతి విషయాల్లో యునాని నియమాలు తోడ్పడతాయి.

మొదటి వారాల్లో తలవైపు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. డాక్టరు ఇచ్చిన సపోర్టు బ్రాను సాధారణంగా 4 నుంచి 6 వారాలు రాత్రింబవళ్లు వేసుకోవాలి. అంతవరకు బరువులు, చంటిపిల్లలను ఎత్తరాదు. చేతులు పైకి చాచి బట్టలు ఆరేయరాదు. అలాగని మంచం పట్టుకుని ఉండకూడదు. ఇంట్లో మెల్లగా నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

పప్పు తింటే చీము పడుతుందని పెద్దలు వద్దంటారు. చీముకు కారణం సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు, మాంసం రసం పెట్టండి. నొప్పి మాత్రలతో మలబద్ధకం వస్తే, డాక్టరును అడిగి, ఇస్బగోల్‌ను నిండు గ్లాసు నీళ్లతో ఇవ్వవచ్చు.

పచ్చి కుట్లపై పసుపు, తేనె, నూనె, ఇంటి లేపనాలు రాయకండి. రొమ్ముపై హిజామా చేయించకండి. మాజూన్లు, వెల్లుల్లి మాత్రలు, ఇతర మూలికలు వాడుతుంటే ఆపరేషన్‌కు ముందే సర్జనుకు చెప్పండి. కొన్నిటి వల్ల రక్తస్రావం పెరుగుతుంది. పొగ, గుట్కా, జర్దా పూర్తిగా మానాలి. నికోటిన్ రక్తనాళాలను కుదించి పుండును మాననివ్వదు.

జ్వరం, చీము, పెరిగే ఎరుపు, ఒక్కసారిగా ఒకవైపు వాపు, చనుమొన నల్లబడటం, పిక్కలో వాపు, ఆయాసం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఏ హకీము మందుతోనూ కాలయాపన చేయరాదు.

వాపు పూర్తిగా తగ్గడానికి నెలలు, మచ్చలు పాలిపోవడానికి ఏడాదికి పైగా పడుతుంది. చనుమొన స్పర్శ తగ్గవచ్చు, కొందరిలో అది శాశ్వతం. పాలు తక్కువ పడవచ్చు కాబట్టి పిల్లలు కావాలనుకునేవారు ముందే సర్జనుతో మాట్లాడుకోవాలి. తీసిన కండను పరీక్షకు పంపితే ఆ రిపోర్టు అడిగి దాచుకోండి. వయసును బట్టి చేయించే మామోగ్రామ్ తర్వాత కూడా మానకూడదు.

ఇంట్లో మగవారికి ఒక మాట. ఆ ఆరు వారాలూ బిందె మీరు ఎత్తండి. ఏ మాజూన్ ఇవ్వలేని మేలు అది.