తామారు మొర వినేదెవరు?

దావీదు ఇంట జరిగిన ఘోరాన్ని బైబిలు దాచిపెట్టలేదు. సవతి అన్న అమ్నోను తామారును చెరిచాడు. ఏడుస్తూ వచ్చిన ఆమెను సొంత అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు. రాజైన తండ్రికి కోపం వచ్చింది గానీ, విచారణ జరగలేదు, శిక్ష పడలేదు (2 సమూయేలు 13). రెండేళ్ల తర్వాత అబ్షాలోము అమ్నోనును చంపించాడు. న్యాయం చేయవలసినవారు చేయకపోతే పగ ఆ చోటును ఆక్రమిస్తుంది.

ఒడిశాలోని బాలాసోర్‌లో ఫకీర్ మోహన్ కళాశాల విద్యార్థిని ఒకరు తమ విభాగాధిపతి వేధిస్తున్నారని ఫిర్యాదు చేసింది. తన గోడు పట్టించుకోలేదన్న నిస్పృహతో 2025 జూలై 12న ఆత్మాహుతికి పాల్పడి, 14న కన్నుమూసింది. చెన్నై అన్నా విశ్వవిద్యాలయంలో 2024 డిసెంబరులో లైంగిక దాడికి గురైన విద్యార్థిని ధైర్యంగా పోలీసులకు చెబితే, ఆమె వివరాలున్న ఎఫ్‌ఐఆర్ బయటికి పొక్కింది. అయితే అక్కడ మద్రాసు హైకోర్టు వెంటనే ముగ్గురు మహిళా ఐపీఎస్ అధికారులతో దర్యాప్తు బృందాన్ని వేసింది. బాధితురాలికి 25 లక్షల రూపాయల మధ్యంతర పరిహారం ఇమ్మంది. 2025 జూన్ 2న మహిళా కోర్టు దోషికి కనీసం 30 ఏళ్లు జైల్లో గడిపేలా జీవితఖైదు విధించింది. మనసుంటే న్యాయం త్వరగానే జరుగుతుంది.

మనకు చట్టాలు లేకపోలేదు. 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013 చట్టం, యూజీసీ 2015 నిబంధనలు ఉన్నాయి. ప్రతి కళాశాలలో మహిళ అధ్యక్షతన, బయటి సభ్యురాలో సభ్యుడో ఉండేలా అంతర్గత కమిటీ ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. కమిటీ పని వేరు, కోర్టు పని వేరు. జైలుశిక్ష వేయాలంటే సందేహానికి తావులేని రుజువు కావాలి, అది కోర్టు పని. అంతవరకు కళాశాల చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. నిందితుడు ఆమె పేపర్లు దిద్దకుండా ఆపవచ్చు, ఆమెకు దూరంగా ఉంచవచ్చు, ఆమెకు మూడు నెలల వరకు సెలవు ఇవ్వవచ్చు. అత్యాచారం వంటి నేరాన్ని మాత్రం ప్రిన్సిపాల్ గదిలో రాజీ చేయకూడదు. ఆమె కోరితే పోలీసుల దగ్గరకు వెళ్లడానికి తోడ్పడాలి.

ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే మాట స్థిరపడుతుందన్న వాక్యాన్ని చూపి ఆడపిల్లల నోరు మూయించేవారు మనలోనూ ఉన్నారు. అదే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చదవండి. పొలంలో ఒంటరిగా చిక్కిన కన్య కేకవేసినా రక్షించేవారు లేరు గనుక, ఆమెలో దోషం లేదని ధర్మశాస్త్రం తేల్చింది. సాక్షులు లేని చోట జరిగే నేరమిదని మోషే కాలంలోనే గుర్తించారు.

అలాగని నిందితుడి మాట వినకుండా తీర్పు చెప్పడమూ దేవునికి ఇష్టం కాదు. పోతీఫరు భార్య ఆరోపించగానే యోసేపును చెరసాలలో వేశారు, అతని మాట విన్నట్టు ఎక్కడా లేదు. ఎదుటివాని మాట వినకుండా తీర్పు తగదని నీకొదేము తోటి పరిసయ్యులకు గుర్తుచేశాడు. మన చట్టంలోనూ ఈ సమతూకం ఉంది. దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేస్తే చర్య తీసుకోవచ్చు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఆ ఫిర్యాదు అబద్ధం కాదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. ఆమె మాట ఓపికగా వినడం, అతనికి జవాబిచ్చే అవకాశమివ్వడం ఒకదానికొకటి అడ్డు కావు.

మిషన్ కళాశాలలకు ఈ చట్టం నుంచి మినహాయింపు లేదు. అక్కడ ఫిర్యాదు వస్తే సంస్థ పేరు, సంఘం పరువు ముందు గుర్తుకొస్తాయి. ప్రభువు నామానికి అవమానం కలుగుతుందని సర్దిచెబుతాం. నిజానికి ఆయన నామానికి అవమానం తెచ్చేది మనం కప్పిపెట్టిన పాపమే. మన సంఘాలు నడిపే కళాశాలలో కమిటీ ఉందా, సభ్యుల పేర్లు విద్యార్థినులకు తెలుసా అని పాలకవర్గాన్ని అడుగుదాం. హాస్టలుకు వెళ్లే కుమార్తెకు, "ఏం జరిగినా మాకు చెప్పు, తప్పు నీదని అనం" అని ముందే మాట ఇద్దాం. కుమారులకు అమ్నోను కథ దాచకుండా చెబుదాం. తామారు తన అన్న ఇంట దిక్కులేనిదై ఉండిపోయింది. మన ఇళ్లలో, మన కళాశాలల్లో మరో తామారు అలా మిగిలిపోకూడదు.