ఆ గంటకు లెక్క ఎవరు చెప్పాలి?

ఈమధ్య మా కొత్తపేటలో పదిహేనుమంది ఆడవాళ్ళం ఒకచోట కూర్చున్నాం. చాలామంది పిల్లలు రావులపాలెం, అమలాపురం కాలేజీలకు బస్సుల్లో వెళ్ళి వస్తారు. మాటల్లో అమెరికాలో బడిపిల్లల మీద జరిగే కాల్పుల ప్రస్తావన వచ్చింది. 2022 మే 24న టెక్సాస్ రాష్ట్రంలోని ఉవాల్డే ఊళ్ళో ఒక కుర్రాడు తుపాకీతో బడిలో చొరబడి 19 మంది పిల్లల్నీ, ఇద్దరు టీచర్లనూ చంపాడు. అక్కడికి చేరిన పోలీసులు 376 మంది. అయినా అతన్ని ఎదుర్కోవడానికి 77 నిమిషాలు పట్టింది. లోపలికి వెళ్ళమని బతిమాలిన తల్లిదండ్రులనే పోలీసులు అడ్డుకున్నారు.

"అంతమంది ఉండి ఏం చేశారండీ?" అని ఒకావిడ అడిగింది. "మన దగ్గర మాత్రం? పిల్ల ఇంటికి రాలేదని స్టేషనుకెళితే, ఎవడితోనైనా వెళ్ళిందేమో చూసుకోమంటారు" అంది పక్కావిడ.

ఆమె మాటే అసలు విషయం. మన దగ్గర బడిలో తుపాకులు పేలకపోవచ్చు. కానీ పోలీసులు కదలాల్సిన ఆ మొదటి గంట ఇక్కడా ఆవిరైపోతూనే ఉంది.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర కనిపించకుండా పోయిన పశువైద్యురాలిని మనం 'దిశ' అని పిలుచుకుంటున్నాం. ఫిర్యాదు చేయబోతే తమ పరిధి కాదంటూ వేరే స్టేషనుకు పంపారని ఆ కుటుంబం చెప్పింది. కేసు నమోదులో జాప్యానికి ఒక ఎస్సైనీ, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళనూ సస్పెండ్ చేశారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూల కింద మొదటి రాత్రి ప్రశ్న కనిపించకుండా పోయింది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలనీ జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ చెప్పిన నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. అప్పటికి పూలు చల్లినవారెవరూ అక్కడ లేరు.

ఉవాల్డేలోనూ అధికారులు మొదట పోలీసుల ధైర్యాన్ని పొగిడారు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఆ పొగడ్తను ఒప్పుకోలేదు, నిమిషాల లెక్క అడిగారు. 2024 జూన్‌లో ఇద్దరు మాజీ పోలీసుల మీద క్రిమినల్ అభియోగాలు నమోదయ్యాయి. సిబ్బంది చాలరన్న సాకు అక్కడ చెల్లదు, 376 మంది ఉన్నారు. ఇక్కడా జాప్యానికి మూలం సిబ్బంది కొరత ఒక్కటే కాదు. ఆడపిల్ల కనిపించలేదంటే ముందు ఆమె నడవడిని అనుమానించే పితృస్వామ్య బుద్ధి కూడా.

చట్టం లేదా అంటే ఉంది. విచారణార్హమైన నేరం గురించి చెబితే ఎఫ్ఐఆర్ రాయాల్సిందేనని 2013లో లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. అత్యాచారం వంటి నేరాల్లో ఫిర్యాదు రాసుకోని అధికారికి న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా, రెండేళ్ళ వరకు కఠిన శిక్ష. ఈ కేసుకు ప్రభుత్వ అనుమతి కూడా అక్కర్లేదు.

కానీ ఆ నేరాల జాబితాలో 'అమ్మాయి కనిపించడం లేదు' అన్న ఫిర్యాదు లేదు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు తప్పిపోతే అపహరణగా భావించి ఎఫ్ఐఆర్ రాయాలని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. పంతొమ్మిదేళ్ళ కాలేజీ అమ్మాయికి ఆ రక్షణ కూడా లేదు. సరిగ్గా ఈ సందులోనుంచే ఆ గంట జారిపోతోంది.

అందుకే మనం అడగాల్సింది తూటాలు కాదు. కనిపించని స్త్రీ ఏ వయసుదైనా ఫిర్యాదు అందిన సమయం రాసి, ఆ కాగితం ఇంటివాళ్ళ చేతికివ్వాలి. జాప్యం చేసినవారికి సస్పెన్షన్‌తో సరిపెట్టకుండా, 199వ సెక్షన్‌ను ఈ ఫిర్యాదులకూ వర్తింపజేయాలి. పూలు చల్లే ముందు, ఆ మొదటి గంటలో మీరెక్కడున్నారని మనం అడగాలి.